గరిటె చప్పుడు

మిల్లు మూతపడిన ఆ ఎండాకాలం మా వీధికి మధ్యాహ్నం ఎప్పుడైందో తెలిసేది కాదు. అంతకుముందు సైరన్ ఉండేది. అది మోగగానే మిల్లులో మగవాళ్లు డబ్బాల మూతలు తీసేవాళ్లు, ఇళ్లల్లో ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నెలు దించేవాళ్లు, వీధి కుక్కలు సైతం లేచి ఒళ్లు విరుచుకునేవి. యాజమాన్యానికీ యూనియన్‌కూ చెడి గేటుకు తాళం పడ్డాక ఆ కూత ఆగిపోయింది. బతుకంతా దాన్ని మోగించిన ముసలాయనను మేం సైరన్ తాత అనేవాళ్లం. ఆయన అరుగు మీద కూర్చుని ఎండ వంక చూసి "పన్నెండయిందర్రా" అని అరిచేవాడు గానీ ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆయనకు ఆకలేసినప్పుడల్లా పన్నెండే.

అసలైన పన్నెండు మాకు గరిటెలు చెప్పేవి. ఒక ఇంట్లో గరిటె గిన్నెకు తగిలేది, పక్కింట్లో అందుకునేది, అలా వీధి చివరి దాకా వెళ్లేది. మా ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. మేం తుమ్మితే పక్కింటివాళ్లు ముక్కు తుడుచుకునేవాళ్లు. అందుకని ఎవరింట్లో వంటయిందో ఎవరింట్లో కాలేదో గోడకు చెవి ఆనించి వినక్కర్లేదు, దానంతటదే వినబడేది.

మా ఇంట్లో ఆ చప్పుడు అమ్మ చేసేది. ఖాళీ గిన్నెలో చేసేది.

మా అమ్మ టైలరు. మిల్లు మూసిన రోజున వీధి వీధంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే ఆమె మాత్రం, "మాకు మిల్లుతో పనేంటి, నా మిషనుంది" అంది. ఆ మాట వీధిలో నిలబడి, అందరికీ వినబడేలా అంది. కానీ జీతాలు లేని వీధిలో కొత్త చొక్కా కుట్టించుకునేదెవరు? చిరుగులు ఎవరివి వాళ్లే కుట్టుకుంటున్నారు. అయినా అమ్మ పొద్దునా సాయంత్రం మిషను ముందు కూర్చుని, సూది కింద గుడ్డ లేకుండానే తొక్కేది. ఆ టకటక బయటికి వినబడాలి, అంతే.

"సూది అరిగిపోతుందే" అనేవాడు నాన్న, మంచం మీంచి. మిల్లులో నూలు యంత్రం మీద పనిచేసిన మనిషి, పని లేక మంచానికి అంటుకుపోయాడు.

"సూది అరిగితే ఇంకోటి వేసుకుంటా. పరువు అరిగితే ఎక్కడ తెస్తావ్?"

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని నాన్న గోడ వైపు తిరిగేవాడు. అమ్మకు మీసాలు లేవన్నదొక్కటే తేడా.

మిగతా ఇళ్ల ఆడవాళ్లు కొట్టువాడితో పోట్లాడి, బతిమాలి, తిట్టి, ఏదో ఒకటి తెచ్చుకునేవాళ్లు. అమ్మకు అడగడం రాదు. ఇవ్వడమే వచ్చు. మిల్లు నడిచిన రోజుల్లో ఎవరి పిల్లల గౌను చినిగినా ఊరికే కుట్టి పంపిన మనిషి, ఇప్పుడు కొట్టు ముందు నుంచి తల పక్కకు తిప్పుకుని వెళ్లేది. నాకప్పుడు పదమూడేళ్లు, నన్ను పెద్దదీ అని పిలిచేవాళ్లు. నా చెల్లెలు చిన్నది, దానికి అయిదేళ్లు. ఇంట్లో రాత్రి పూట ఎలాగో ఒక పొయ్యి వెలిగేది. మధ్యాహ్నం మాత్రం చప్పుడే.

*

ఆ రోజుల్లోనే పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ నుంచి ఒకమ్మాయి మా వీధికి వచ్చింది. ఆమె వేళ్లకు ఎప్పుడూ సుద్ద అంటుకుని ఉండేది కాబట్టి సుద్ద టీచరు అని పేరు పెట్టేశాం. మేం అనుకున్నట్టు ఆమె సరుకుల మూటలు దించలేదు, ఫొటోలు తియ్యలేదు. ఇల్లిల్లూ తిరిగి, మంచినీళ్లు అడిగి తాగి, పిల్లలు ఏం చేస్తున్నారని అడిగింది. చివరికి సంగతి చెప్పింది. మిల్లు గోడ బయట ఉన్న పాత క్యాంటీన్ షెడ్డును బాగుచేసి పిల్లల కేంద్రం పెడతారట. పగలంతా చదువు, ఆట, ఒక పూట భోజనం. టీచరునూ సరుకులనూ సంస్థ చూసుకుంటుంది. షెడ్డు కప్పు, నీళ్ల గొట్టం, వంట, వడ్డన, పెత్తనం అన్నీ వీధివాళ్లవే. మొదట కొద్దిమంది పిల్లలకే చోటుంటుంది.

"ఎవరికి ముందు ఇవ్వాలో మేం చెప్పం. మీ వీధి సంగతి మాకంటే మీకే తెలుసు కదా. మీరే చెప్పండి" అంది.

మాకది వింతగా తోచింది. అడగకుండా ఇచ్చేవాళ్లను చూశాం, అడిగినా ఇవ్వనివాళ్లను చూశాం, ఎవరికివ్వాలో మమ్మల్నే అడిగేవాళ్లను చూడలేదు.

ఒక ఉదయం అందరినీ యూనియన్ ఆఫీసు ముందు సిమెంటు నేల మీదికి పిలిచింది. నేల మీద మా వీధి బొమ్మ గీయాలి. ఇల్లిల్లూ రావాలి. బొమ్మలు బాగా వేస్తానని నా చేతికి సుద్ద ఇచ్చింది. నేను ఒంగుని, నాలుక బయటపెట్టి, ఒక్కో ఇల్లే గీశాను. సైరన్ తాత అరుగు గీశాను. ఇస్త్రీ అత్త ఇంటి ముందు బండి గీశాను. మా ఇల్లు గీసేటప్పుడు కాస్త పెద్దదిగా గీసి, ఉన్న ఒక్క కిటికీని రెండు చేశాను. ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

"ఇప్పుడు తలా ఒక రాయి తీసుకోండి. ఏ ఇంటి పిల్లలకు ముందు చోటివ్వాలనుకుంటున్నారో ఆ ఇంటి మీద పెట్టండి. ఒక్కటే నియమం. సొంత ఇంటి మీద పెట్టుకోకూడదు" అంది టీచరు.

"రాళ్లెందుకమ్మా, ఇస్తే శుభ్రంగా ఇవ్వాలి" అంది అమ్మ. నన్ను పరిగెత్తించి ఇంట్లోంచి గుండీల డబ్బా తెప్పించింది. ఎర్రవి, నీలివి, పెద్ద కోటు గుండీలు, చంటిపిల్లల చొక్కాలకు కుట్టే చిట్టి గుండీలు. ఇంటిపెద్దలందరి చేతుల్లోనూ తలా ఒకటి పెడుతూ వెళ్లింది. "ఇదిగో వదినా, మంచిది చూసి తీసుకో." "తాతా, నీకు పెద్దది, పడేసుకోకు." ఆ డబ్బా పట్టుకుని తిరుగుతుంటే అమ్మ ముఖం మళ్లీ మిల్లు నడిచిన రోజుల్లోలా వెలిగింది. నాకు గర్వంగా అనిపించింది. గుండీలు మావి, బొమ్మ మాది.

ఒకరు పెట్టేటప్పుడు మిగతావాళ్లంతా గోడ వైపు తిరిగి నిలబడాలంది టీచరు. ఎవరు ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరికీ నామోషీ ఉండదు అని ఆమె ఆలోచన. బొమ్మ చెరిగితే దిద్దడానికి నన్ను అక్కడే నిలబెట్టి, కళ్లు మూసుకోమంది. రెండు చేతులూ కళ్ల మీద పెట్టుకుని నిలబడ్డాను.

ఒకరొకరే వచ్చారు. చెప్పుల చప్పుడు. కాసేపు ఆగడం. గుండీ సిమెంటు మీద పడిన చిన్న శబ్దం. మళ్లీ చెప్పులు. ఇంకొకరు. ఈసారి గుండీ గుండీకి తగిలింది. ఇంకొకరు. మళ్లీ గుండీ గుండీకే తగిలింది. ఆ శబ్దం దూరం నుంచి రావడం లేదు. నా కుడికాలి పక్కనుంచే వస్తోంది. నా కుడికాలి పక్కన ఏ ఇల్లు గీశానో నాకు తెలుసు. కళ్లు తెరవకముందే నా చెవులు వేడెక్కిపోయాయి.

"అయిపోయింది, తిరగండి" అంది టీచరు.

మా ఇంటి మీద గుండీలు కుప్పగా పడి ఉన్నాయి. నేను గీసిన రెండు కిటికీలూ వాటి కింద మునిగిపోయాయి. అక్కడక్కడ వేరే ఇళ్ల మీద ఒకటీ అరా ఉన్నాయి. ఇస్త్రీ అత్త ఇంటి మీద ఒకే ఒక తెల్ల గుండీ ఉంది. అది అమ్మది. డబ్బాలో మిగిలిన ఆఖరి గుండీ అదేనని నేను చూశాను.

వీధివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అంతే. మా వైపు మాత్రం చూడలేదు. వాళ్లూ బిత్తరపోయారని అప్పుడు నాకు అర్థం కాలేదు.

"ఈ ఇల్లెవరిదండీ?" అడిగింది టీచరు. పాపం, కొత్త మనిషి.

సైరన్ తాత గొంతు సవరించుకుని, "ఎండెక్కింది, పన్నెండయింది, పదండి పదండి" అన్నాడు. అప్పటికింకా పదైనా కాలేదు.

"మాది" అంది అమ్మ. "ఆ ఇల్లు మాదేనమ్మా. కిటికీ ఒకటే. మా పెద్దది రెండు గీసింది."

అనేసి, వెనక్కి తిరిగి, మామూలు నడకతోనే ఇంటికి వెళ్లిపోయింది. నేను నేల మీద కూర్చుని గుండీలు ఏరి డబ్బాలో వేసుకున్నాను. నా చుట్టూ ఉన్న కాళ్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. తల కొట్టేసినంత పనైంది. ఆ సిగ్గు ఎలాంటిదంటే, మమ్మల్ని బీదవాళ్లన్నందుకు కాదు. ఇన్నాళ్లూ మేం ఆడిన నాటకాన్ని వీధంతా కూర్చుని, నవ్వకుండా, మా మర్యాద కోసం చూసిందని తెలిసినందుకు. నవ్వినా బాగుండేది.

*

ఆ మధ్యాహ్నమే ఇస్త్రీ అత్త మా ఇంటికి వచ్చింది. వీధిలో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, అమ్మకు ఆడపడుచు లెక్క. అమ్మ కుట్టిన బట్టకు ఆమె ఇస్త్రీ చేస్తేనే పని పూర్తయినట్టు. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు.

"వదినా, నామీద కోపం పెట్టుకోకు. నేనొక్కదాన్నే పెడుతున్నాననుకున్నాను" అంది. "మీకెవరూ పెట్టరు, మిషనుంది కదా అనుకుంటారు, చిన్నదానికి చోటు పోతుందేమోనని... అందరూ అలాగే అనుకున్నారు వదినా. ఎవరికి వాళ్లు, నాకొక్కదానికే తెలుసనుకున్నారు."

"ఏం తెలుసు?" అంది అమ్మ.

అత్త చిన్నదాని వైపు చూసింది.

"చిన్నదానికేమైందని చోటు కావాలి? ఏం తెలుసు నీకు?"

నాన్న మంచం మీంచి "పోనీవే" అన్నాడు. అమ్మ వినలేదు. అప్పుడు చిన్నది, నా పక్కన కూర్చుని నేల మీద గీతలు గీసుకుంటున్నది, తలెత్తి ఎంతో సంతోషంగా చెప్పింది. "నేను రోజూ అత్తావాళ్లింట్లో తింటానమ్మా. తర్వాత తాతావాళ్లింటికెళ్తాను. తాత నాకు పెద్ద బెల్లం ముక్క ఇస్తాడు. అమ్మతో చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు కదత్తా?"

అత్త కళ్లు నేలకు దించుకుంది. అమ్మ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"మా పిల్లకు మేం పెట్టుకోగలం" అంది అమ్మ చివరికి. "ఇకమీదట ఇది ఎవరి గడపా తొక్కదు."

"పసిదానికి పెట్టిన ముద్దకు కూడా ఇంత రోషమా వదినా?"

"పెట్టుకోగలమన్నాను కదా."

"పెట్టుకోగలర్లే వదినా" అంది అత్త మెల్లగా. ఆ 'లే'లో వెటకారం లేదు. అందుకే మాకు ఇంకా గుచ్చుకుంది. ఆమె వెళ్లిపోయాక అమ్మ మిషను ముందు కూర్చుని, దీపాల వేళ దాకా ఒట్టి సూది తొక్కుతూనే ఉంది.

*

షెడ్డు పని మొదలైంది. పని లేని మిల్లు మగవాళ్లంతా ఎగబడ్డారు. కప్పు రేకులు విప్పి మళ్లీ బిగించారు, గోడలకు సున్నం కొట్టారు, మురిక్కాలువ తవ్వి తిప్పారు. ఆ చప్పుళ్లు వింటూ నాన్న మంచం మీద అటూ ఇటూ పొర్లాడు. రెండో రోజున "కాళ్లు పట్టేశాయి, అలా తిరిగొస్తా" అని వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా సున్నం ఉంది.

"తిరగడానికెళ్లిన మనిషి చేతుల మీద నడిచాడా?" అంది అమ్మ.

"చేతులు ఊరుకోవట్లేదే."

"చేస్తే చెయ్యి. మన పిల్లను మాత్రం అందులో వెయ్యను. పులి ఆకలేసినా గడ్డి తినదు."

"పులి సంగతి సరే" అన్నాడు నాన్న, చేతులు కడుక్కుంటూ. "పులిపిల్లనూ ఒకమాట అడిగి చూడరాదూ?"

మరో రోజు సుద్ద టీచరు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా నేల మీద కూర్చుంది. "తప్పు నాదేనమ్మా" అంది. "సొంత ఇంటి మీద పెట్టుకోవద్దన్నాను. అలా అంటే మొహమాటం ఉండదనుకున్నాను. ఎవరింటి మాట వాళ్లనే చెప్పుకోనివ్వాల్సింది. ఆ గుండీల లెక్క తీసేశాం. షెడ్డు పూర్తయ్యాక అందరం కూర్చుంటాం. ఎవరి బిడ్డకు చోటు కావాలో వాళ్లమ్మో నాన్నో లేచి అడగాలి. వీధంతా కలిసి ఒప్పుకోవాలి. మీకోసం ఒక చోటు ఉంచమంటారా?"

"ఉంచొద్దు" అంది అమ్మ. "అవసరమున్నవాళ్లకు ఇయ్యండి."

ఆ మాట అన్నప్పుడు చిన్నది గుమ్మంలో నిలబడి, షెడ్డు వైపే చూస్తోంది. అమ్మ మాట మీద అది ఎవరింటికీ వెళ్లడం మానేసింది. ఇస్త్రీ అత్త పిలిచినా తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేసేది. దాని గౌను భుజాల మీంచి జారుతోందని నేను గమనించాను. అమ్మ గమనించి, ఒక సాయంత్రం ఏమీ అనకుండా ఆ గౌనుకు రెండు పక్కలా కుట్లు వేసి బిగించింది. చాన్నాళ్లకు ఆ మిషను కింద గుడ్డ పడింది.

టీచరు వచ్చిన రోజున నేను ఆమెను సాగనంపడానికి వీధి మలుపు దాకా వెళ్లాను. "నాన్నగారైనా అడగొచ్చు కదా" అంది ఆమె. ఆ మాట రాత్రి నాన్నతో అన్నాను.

"అడగొచ్చు" అన్నాడు నాన్న. "అడిగితే చోటొస్తుంది. మీ అమ్మ మళ్లీ వీధిలోకి రాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే అడగాల్సొచ్చింది, ఏం చేస్తాం."

*

ఒక రోజు దూరపు వీధిలో ఎవరో తెరలు కుట్టిస్తారని తెలిసి అమ్మా నేనూ వెళ్లాం. వాళ్లు రెడీమేడ్ కొనేసుకున్నారు. ఎండలో తిరిగొస్తుంటే మధ్యాహ్నం దాటిపోతోంది. వీధి మలుపులో అమ్మ ఆగిపోయింది. గరిటె చప్పుడు వినబడుతోంది, మా ఇంట్లోంచే. నాన్న షెడ్డు దగ్గర ఉన్నాడు. ఇంట్లో చిన్నది తప్ప ఎవరూ లేరు.

పరిగెత్తినట్టే వెళ్లాం. చిన్నది పీట ఎక్కి, ఆరిపోయిన పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టుకుని, రెండు చేతులా గరిటె పట్టుకుని గిన్నె చుట్టూ గీకుతోంది. మధ్యమధ్య అంచు మీద టంగుమని కొడుతోంది. అచ్చం అమ్మ కొట్టినట్టే కొడుతోంది.

"అమ్మా, నువ్వు రాలేదని నేనే చేశాను" అంది. ముఖమంతా చెమట. "చాలాసేపు చేశాను. అందరికీ వినబడింది. మనం తినేసినట్టే కదా? మరి నాకింకా ఆకలేస్తోందేంటి?"

అమ్మ దాని చేతిలోంచి గరిటె తీసుకుంది. చిన్నదాన్ని పీట మీంచి దించింది.

"చెయ్యి నొప్పెట్టిందా?" అని అడిగింది.

"కొంచెం."

అమ్మ ఆ చేతిని తన చేతిలో పెట్టుకుని కాసేపు రుద్దింది. తర్వాత చిన్నదాన్ని ఎత్తుకెళ్లి ఇస్త్రీ అత్త గుమ్మం ముందు దించి, తలుపు తట్టకుండానే తిరిగొచ్చేసింది. నేను ఇంట్లోనే ఉండిపోయాను. అక్కడ నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. గిన్నె చూస్తే సిగ్గు, మిషను చూస్తే సిగ్గు. మా ఇంట్లో బిడ్డ ఆకలి కూడా చప్పుడుతో తీరుతుందని నమ్మేలా మేం బతికామని సిగ్గు. ఇప్పటికీ ఎక్కడైనా గరిటె గిన్నెకు గట్టిగా తగిలితే నా మెడ వెనక వేడెక్కుతుంది.

*

షెడ్డు పూర్తయింది. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. సాయంత్రం వీధంతా వచ్చి నేల మీద కూర్చుంది. అమ్మ కూడా వచ్చింది. ఎందుకొస్తోందో చెప్పలేదు, మేం అడగలేదు. గోడ పక్కన, అందరికంటే వెనగ్గా కూర్చుంది.

"అడగండమ్మా. మీ పిల్లల కోసం మీరే అడగండి" అంది సుద్ద టీచరు.

ఒక్కరూ లేవలేదు. రోజుల తరబడి రేకులు మోసినవాళ్లు, సున్నం కొట్టినవాళ్లు, ఒక్కరంటే ఒక్కరు నోరు మెదపలేదు. ఒకాయన కప్పు వంక చూస్తూ ఆ రేకు సరిగ్గా బిగించలేదన్నాడు. ఇంకొకాయన బిగించామన్నాడు.

"వడ్డించేవాళ్లున్నారు గానీ తినేవాళ్లు లేరా ఏంటి?" అన్నాడు సైరన్ తాత. ఎవరూ నవ్వలేదు.

వెనక నుంచి అమ్మ లేచి నిలబడింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా వినబడే గొంతు ఆమెది. ఆ గొంతు ఆ సాయంత్రం పెగల్లేదు.

"మా చిన్నదానికి చోటు కావాలి" అంది. నాకే సరిగ్గా వినబడలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు సైరన్ తాత. బతుకంతా సైరన్ పక్కన నిలబడి సగం చెవుడు వచ్చిన మనిషి. చేతిని చెవి వెనక పెట్టుకుని, "గట్టిగా చెప్పు తల్లీ" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆ క్షణంలో ఆయన్ని చంపెయ్యాలనిపించింది నాకు.

అమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

"మా చిన్నదానికి చోటు కావాలి తాతా" అంది, ఈసారి గట్టిగా. "మా ఇంట్లో పగలు పొయ్యి వెలగట్లేదు. రోజూ మీకు వినబడేది ఒట్టి గిన్నె. అందులో ఏమీ ఉండదు."

షెడ్డులో ప్రతి ఒక్కరూ తల దించుకున్నారు. ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. అది మా మీద జాలి అనుకున్నాను నేను. మళ్లీ ఆ గుండీల రోజే వచ్చింది అనుకుని మోకాళ్ల మధ్య ముఖం దాచుకున్నాను.

"మాదీ అంతే" అని వినబడింది.

తలెత్తాను. ఇస్త్రీ అత్త. లేచి నిలబడలేదు, కూర్చునే అంది, ఎవరి వైపూ చూడకుండా. "మాదీ ఒట్టి గిన్నే వదినా. రాత్రి దాచిన పిడికెడు ఉంటే మా వాడికీ మీ చిన్నదానికీ పంచేదాన్ని. వాళ్లు తిన్నాక, నీకు వినబడాలని చప్పుడు చేసేదాన్ని. మా వాడికీ చోటు కావాలి టీచరమ్మా."

కుట్టే బట్ట లేనప్పుడు ఇస్త్రీ చేసే బట్ట మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? వీధిలో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది అమ్మే. అందుకే ఆ రోజు అత్త ఇంటి మీద తెల్ల గుండీ పెట్టింది. తను తెలుసుకున్నట్టే అవతలివాళ్లూ తెలుసుకుంటారని మాత్రం ఆమెకు తట్టలేదు.

తర్వాత ఇంకొకరు లేచారు. ఆ తర్వాత ఇంకొకరు. కొందరు మొగుడి వంక చూసి లేచారు, కొందరు మొగుడు వద్దంటున్నా లేచారు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. "మా ఇద్దరికీ." "మా దానికి." "మాకూ." సైరన్ తాత ప్రతిదానికీ చేతిని చెవి దగ్గర పెట్టుకున్నాడు గానీ, గట్టిగా చెప్పమని మళ్లీ ఎవరినీ అడగలేదు.

సుద్ద టీచరు ముఖం పాలిపోయింది. "ఇన్ని చోట్లు లేవమ్మా" అంది. "ఇంతమందికి సరుకులు..."

"లేకపోతే సగం సగం పెడదాం" అంది అమ్మ. ఇంకా నిలబడే ఉంది. "మీరు ఇచ్చేది ఇవ్వండి. ఇన్నాళ్లూ గిన్నెలు కొట్టినవాళ్లం, వంట చెయ్యలేమా?"

ఆ మాటకు ఎవరో ముందుగా నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. అది సంతోషంతో నవ్విన నవ్వు కాదు. ఒకరి ముందు ఒకరు బట్టలు లేకుండా నిలబడినట్టు, ఏం చెయ్యాలో తోచక నవ్విన నవ్వు. నేను నవ్వలేకపోయాను.

*

కేంద్రం తెరిచిన రోజున నేను వడ్డనలో సాయం చేస్తున్నాను. పిల్లలు అనుకున్న దానికంటే ఎక్కువమంది వచ్చారు. పెద్ద గిన్నెలు రెండున్నాయి, గరిటె ఒక్కటే ఉంది. "ఇంటికెళ్లి మీ అమ్మనడిగి గరిటె పట్రావే పెద్దదీ" అంది ఇస్త్రీ అత్త.

వీధిలోకి వచ్చాను. ఎండ నడినెత్తిన ఉంది. "పన్నెండయింది" అన్నాడు సైరన్ తాత అరుగు మీంచి, ఈసారి నిజంగానే. నేను నాలుగిళ్లు దాటాక గానీ నాకు అర్థం కాలేదు, ఏదో తక్కువైందని. గరిటెలు మోగడం లేదు. ఏ ఇంట్లోంచీ చప్పుడు లేదు. తలుపులు తీసే ఉన్నాయి, లోపల మనుషులున్నారు, ఒకావిడ గుమ్మంలో కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. నన్ను చూసి, ఒకసారి తల దించుకుని, మళ్లీ దువ్వుకుంది. వీధి ఆ చివర దాకా అదే నిశ్శబ్దం. ఇన్నాళ్లూ మా ఇంటి గుట్టు ఒక్కటే ఈ గోడల మధ్య దాగి ఉందనుకున్నాను. సిగ్గు నాలోంచి పోలేదు గానీ, దాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకోవడం మాత్రం అక్కడితో పోయింది.

ఇంట్లో అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ గిన్నె ఉంది. గరిటె చేతిలోనే ఉంది. అలవాటు కొద్దీ అందుకున్నట్టుంది. కొట్టలేదు. వీధిని వింటోంది.

"గరిటె కావాలంట అమ్మా" అన్నాను.

అమ్మ దాన్ని ఒకసారి గుడ్డతో తుడిచింది. "చిన్నది తిన్నదా?"

"తింటోంది. రెండోసారి పెట్టించుకుంది."

అమ్మ తల ఊపి గరిటె నా చేతికిచ్చింది. "తీసుకుపో. ఇక్కడ దీంతో పనేం లేదు."

మామూలుగా ఇంట్లోంచి ఏం పట్టుకెళ్లినా గౌను మడతలో దాచుకుని వెళ్లడం నాకలవాటు. ఆ రోజు గరిటెను అలాగే దాచబోయాను. తర్వాత బయటికి తీసి, చేత్తో పట్టుకుని, వీధి మధ్యలోంచి నడిచి వెళ్లాను.